రెండోసారి వచ్చే గిరాకీ

(కూకట్‌పల్లిలో చిన్న వ్యాపారుల సమావేశంలో, దుకాణాల లెక్కలు చూసే ఒక అకౌంటెంట్ చేసిన ప్రసంగ పాఠం)

అన్నలకు, అక్కలకు, అందరికీ నమస్కారం. ఆదివారం గిరాకీ వదులుకుని వచ్చారు. కొందరు షటర్ దించి వచ్చారు, కొందరు తమ్ముడికో కొడుక్కో గల్లా అప్పజెప్పి వచ్చారు. మీ టైము విలువ నాకు తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

నేను మార్కెటింగ్ చదివినవాణ్ని కాదు, లెక్కలు రాసేవాణ్ని. కిరాణా దుకాణాలు, కర్రీ పాయింట్లు, టైలరింగ్ షాపులు, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే అక్కలు, బాలానగర్‌లో లేత్ మెషిన్లు నడిపే అన్నలు. వీళ్ల బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు నా టేబుల్ మీదికి వస్తాయి. ఎవరు దేనికి పైసలు పెట్టారో, ఏ నెలలో పెట్టారో అందులో కనిపిస్తుంది. ప్రచారం ఖర్చు అనే పద్దు దగ్గర మాత్రం ఏ దుకాణం పుస్తకం తిరగేసినా దాదాపు ఒకటే తీరు.

దుకాణం తెరిచిన నెలలో పెద్ద మొత్తం ఉంటుంది. ఫ్లెక్సీలు, పేపర్ల మధ్యలో పెట్టించిన పాంప్లెట్లు, ప్రారంభం రోజు పూల దండలు, ఆటోకి కట్టిన మైకు. ఆ తర్వాత నెలల తరబడి ఆ పద్దులో ఏమీ ఉండదు. మళ్లీ ఎప్పుడు కనిపిస్తుందంటే, అమ్మకం బాగా పడిపోయిన నెలలో. అప్పటికి మడిగె అద్దె బాకీ పడి ఉంటుంది, హోల్‌సేల్ సేటు ఫోన్లు చేస్తుంటాడు, చిట్టీ కట్టాల్సిన తేదీ నెత్తి మీద ఉంటుంది. ఆ కంగారులో ఎవరో చెప్పారని పదిహేను వేలు, ఇరవై వేలు తీసుకెళ్లి ఒకరి చేతిలో పెడతారు. వాళ్లు నెలకు ఇన్ని పోస్టులు, ఇన్ని రీల్స్ అని చెప్పి చేస్తారు. నెల తిరిగేసరికి గల్లాలో తేడా కనిపించదు. ఆపేస్తారు. నా దగ్గరికి వచ్చి, "మార్కెటింగ్ మన లాంటోళ్లకు కాదు సార్" అంటారు.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఎందుకంటే ఆ మనిషి పచ్చడి నేను తిన్నాను, ఆ అక్క కుట్టిన బ్లౌజులు మా ఇంట్లోవాళ్లు వేసుకుంటున్నారు. సరుకులో వంక పెట్టడానికి లేదు. మనిషి నిజాయితీగా ఉంటాడు, తెల్లారి నుంచి రాత్రి దాకా కష్టపడతాడు. అయినా ఒకరోజు మడిగె ఖాళీ చేస్తాడు. అలాంటి దుకాణం చివరి రిటర్న్ వేయడం నా పనిలో నాకు అన్నిటికంటే కష్టమైన భాగం.

అందుకే ఇవాళ మీ ముందుకు వచ్చాను. నా లెక్కల్లో కనిపించింది చెప్తాను. మనం ఎప్పుడూ కొత్త ముఖాల కోసం వెతుకుతున్నాం. ఒకసారి మన గడప ఎక్కి, డబ్బులిచ్చి, సరుకు పట్టుకెళ్లిన మనిషి ఎవరో రాసి పెట్టుకోవడం లేదు. ఆ మనిషి రెండోసారి వచ్చాడా లేదా అన్నది మనకు తెలియదు. చిన్న వ్యాపారికి మార్కెటింగ్ కష్టం కావడానికి టైము, పైసలు, మొహమాటం అన్నీ కారణాలే. కానీ ఏ దారిలో వెళ్లినా చివరికి నేను ఆ రాయని పుస్తకం దగ్గరికే వస్తున్నాను.

ముందు టైము సంగతి చూద్దాం. తెల్లవారుజామున బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయలకు వెళ్లేది మీరే. బేగంబజార్ వెళ్లి సామాన్లు తెచ్చేదీ మీరే. కౌంటర్లో కూర్చునేదీ, పనివాడు రాని రోజు గిన్నెలు కడిగేదీ మీరే. 11వ తేదీకి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-1 వేయాలి, 20వ తేదీకి పన్ను కట్టే రిటర్న్ 3బీ వేయాలి. మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకున్నవాళ్లకు తేదీలు వేరు, కానీ వాళ్లకూ ఒక తేదీ ఉంది. తప్పితే రోజుకు 50 రూపాయలు లేటు ఫీజు, అమ్మకమే లేని రిటర్న్ అయినా రోజుకు 20 రూపాయలు. ఇంటి ఓనరు అద్దె అడుగుతాడు. కరెంటు బిల్లు కట్టకపోతే లైన్‌మన్ వస్తాడు. ప్రతి పనికీ ఎవరో ఒకరు వెంటపడి అడిగేవాళ్లున్నారు. రెండు నెలలుగా కనబడని పాత గిరాకీకి ఫోన్ చేశారా అని మిమ్మల్ని ఎవరు అడుగుతారు? ఎవరూ అడగరు. ఈ పనికి లేటు ఫీజు లేదు, నోటీసు రాదు. అందుకే ప్రతి రాత్రీ షటర్ దించేటప్పుడు అది రేపటికి జరుగుతుంది.

దీన్ని బద్ధకం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పద్నాలుగు గంటలు కాళ్ల మీద నిలబడే మనిషి బద్ధకస్తుడు ఎలా అవుతాడు? పెద్ద కంపెనీలో ఆ పని చూడటానికి జీతం తీసుకునే మనుషులు ఉంటారు. మన దగ్గర అన్ని కుర్చీల్లోనూ మీరే కూర్చుంటున్నారు, ఈ ఒక్క కుర్చీ ఖాళీగా ఉండిపోతోంది. మనిషిని పెట్టే స్తోమత లేకపోతే కనీసం వారానికి ఒక గంట దానికని పక్కన పెట్టాలి. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా చాలా దుకాణాల్లో గిరాకీ పలుచగా ఉంటుంది. వారంలో ఏదో ఒక రోజు ఆ గంట ఈ పనికే. ఆ గంటలో ఏం చేయాలో తర్వాత చెప్తాను.

ఇది మనకు చేతకాని విద్య అనుకునేవాళ్ల కోసం ముందు మనవాళ్ల సంగతి చెప్పాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు కృష్ణా జిల్లాలో పుట్టి బొంబాయి వెళ్లారు. 1893లో అక్కడ అమృతాంజనం మొదలుపెట్టారు. మనది కాని ఊరు, మనది కాని భాష, ఆ మందు పేరు ఎవరికీ తెలియదు. ఆయన ఏం చేశారు? సంగీత కచేరీల దగ్గర దాన్ని ఉచితంగా పంచారు. కచేరీయే ఎందుకని నేను చాలాసార్లు ఆలోచించాను. నాకు తోచింది చెప్తాను. జనం గంటల తరబడి ఒకే చోట కూర్చుంటారు, తల బరువెక్కుతుంది, మెడ పట్టేస్తుంది. సరిగ్గా ఆ టైములో చేతిలో పడిన మందు గురించి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, నుదుటికి రాసుకుంటే తెలిసిపోతుంది. పక్కన కూర్చున్నవాడు ఆ వాసన పట్టి ఇదేంటని అడుగుతాడు. తర్వాత 1908లో ఆయన ఆంధ్రపత్రిక స్థాపించారు. అమృతాంజనం మీద వచ్చిన డబ్బు ఆ పత్రికకు అండగా నిలిచింది. అంత దూరం నడిచిన వ్యాపారం కాస్త మందు ఒక మనిషి చేతిలో పెట్టడంతో మొదలైంది.

మన హైదరాబాదుకే వద్దాం. 1920లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ గారు జిందా తిలిస్మాత్ అనే యునానీ మందు తయారుచేశారు. ఈ హాల్లో దాన్ని వాడని ఇల్లు ఉంటుందని నేననుకోను. ఆ డబ్బా మీద ఆఫ్రికా సంతతి సిద్దీ మనిషి బొమ్మ ఉంటుంది. నిజాం సైన్యంలో ఆఫ్రికన్ అశ్వికదళం ఉండేది, ఆ మనుషుల దేహదారుఢ్యం ఈ నగరమంతా ఎరుగును. అక్షరం రాని మనిషి కూడా ఆ బొమ్మ ఉన్న సీసా ఇవ్వమని అడగగలడు. వందేళ్లు దాటింది, ఆ బొమ్మ మారలేదు. మన దగ్గర ఏం జరుగుతోంది? వాస్తు బాగాలేదని ఒకసారి, మేనల్లుడు కొత్త డిజైన్ చేశాడని ఒకసారి బోర్డు రంగు మారుస్తాం, పేరుకు ముందో వెనకో ఒక మాట తగిలిస్తాం. ఆ రంగు చూసి అలవాటుగా బండి ఆపే మనిషి దాటి వెళ్లిపోతాడు. బోర్డు బాగుందా అని చుట్టాలను అడుగుతాం, గుర్తుపట్టారా అని గిరాకీని అడగం.

నుమాయిష్ సంగతి కూడా చెప్పి ముందుకు వెళ్తాను. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పూనుకుని పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన ప్రదర్శన అది. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. జనవరి 1న మొదలై 46 రోజులు నడుస్తుంది. కశ్మీరు శాలువాల స్టాలు ముందో, లక్నో చికన్ కుర్తాల స్టాలు ముందో ఒక సాయంత్రం కాసేపు నిలబడి చూడండి. "పోయినేడు మీ దగ్గరే తీసుకున్నాం" అంటూ వెతుక్కుంటూ వచ్చే కుటుంబాలు కనిపిస్తాయి. స్టాలు అబ్బాయి వాళ్లను కూర్చోబెట్టి, పోయినసారి తీసుకున్న రంగు గుర్తు చేసి, కొత్తది విప్పి చూపిస్తాడు. ఏడాదిలో నెలన్నర మాత్రమే ఈ ఊళ్లో ఉండేవాడికి అంత గుర్తుంటే, ఏడాది పొడుగునా ఇక్కడే ఉండే మనకు ఎంత గుర్తుండాలి?

నిజానికి మనకూ గుర్తుండేది. ఉద్దెర ఖాతా పుస్తకం ఉన్న రోజుల్లో. ఉద్దెర ఇచ్చి మునిగిపోయిన దుకాణాల లెక్కలు కూడా నేనే చూశాను, కాబట్టి మళ్లీ ఉద్దెర మొదలుపెట్టమని చెప్పడం లేదు. కానీ ఆ పొడుగు పుస్తకంలో ఏముండేదో గుర్తు చేసుకోండి. నాలుగో గల్లీ మాస్టారు గారు, కందిపప్పు రెండు కిలోలు, సర్ఫు, టీపొడి, తేదీ. ఆయనకు జీతం ఎప్పుడొస్తుందో తెలుసు, ఇంట్లో ఎంతమంది ఉన్నారో తెలుసు, బిడ్డ పెండ్లి ఎప్పుడో తెలుసు. రెండు వారాలు ఆయన పేరు పుస్తకంలో పడకపోతే దుకాణం సేటుకు అనుమానం వచ్చేది. దారిలో కనిపిస్తే అడిగేవాడు.

2016లో యూపీఐ వచ్చింది. చాలా మంచిది, చిల్లర గొడవ పోయింది, పైసలు నేరుగా బ్యాంకులో పడుతున్నాయి, నా పని కూడా సులువైంది. కానీ గిరాకీ ఎక్కువగా ఉన్న టైములో కౌంటర్ దగ్గర ఏం జరుగుతోందో చూడండి. మనిషి స్కాన్ చేస్తాడు, సౌండ్ బాక్సు ఎంత వచ్చిందో గట్టిగా చదువుతుంది, మనం తల కూడా ఎత్తకుండా ప్యాకెట్ చేతిలో పెడతాం. ఎంత వచ్చిందో వినిపించింది, ఎవరిచ్చారో చూడలేదు.

నేను లెక్కలు చూసే ఒక టిఫిన్ సెంటర్ అన్న ఉన్నాడు. ఇడ్లీ, ఉప్మా పెసరట్టు చాలా బాగుంటాయి. ఊళ్లో పెండ్లి ఉందని ఒక వారం మూసి వెళ్లాడు. తిరిగొచ్చాక అమ్మకం మునుపటి అంత రాలేదు. నెల అయింది, రెండు నెలలు అయింది, రాలేదు. నా దగ్గర కూర్చుని ఎందుకిలా అయిందని అడిగితే, రోజూ వచ్చేవాళ్లు ఎవరెవరన్నా అన్నాను. "చాలామంది ఉన్నారు సార్, అందరూ మనోళ్లే" అన్నాడు. ఒక పది పేర్లు చెప్పమన్నాను. మూడు పేర్ల దగ్గర ఆగిపోయాడు. "ముఖం చూస్తే గుర్తుపడతా సార్" అన్నాడు. అది నిజమే, గుర్తుపడతాడు. కానీ ముఖానికి ఫోన్ చేయలేం. ఆ వారంలో వాళ్లు పక్క సందులో ఇంకో టిఫిన్ సెంటర్ వెతుక్కున్నారు, అలవాటు పడ్డారు. సోమవారం నుంచి మళ్లీ తెరుస్తున్నాం అనే ఒక్క మెసేజ్ పంపడానికి ఆయన దగ్గర ఒక్క నంబరు లేదు. ఆయన చెయ్యి మారలేదు, పెసరట్టు మారలేదు. ఏళ్ల తరబడి సంపాదించుకున్న మనుషులు వారంలో చెదిరిపోయారు.

ఇప్పుడు ప్రకటనల లెక్క చూద్దాం. ఇది నా సొంత విద్య కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి వేసినవి, మీ దుకాణం అంకెలు మీరు వేసుకోవాలి.

ఒక కర్రీ పాయింట్ అనుకుందాం. ఒక గిరాకీ సగటు బిల్లు 150 రూపాయలు. సరుకు, గ్యాసు, ప్యాకింగ్ పోగా 50 మిగులుతుంది. ఫోన్లో 3,000 పెట్టి ప్రకటన వేశారు. అది చూసి 40 మంది కొత్తవాళ్లు వచ్చారు. అంటే ఒక్కో మనిషిని మన గడప ఎక్కించడానికి 75 రూపాయలు అయ్యాయి. మొదటిసారి ఆ మనిషి వల్ల మిగిలింది 50. నలభై మందీ ఒక్కసారి తిని వెళ్లిపోతే 2,000 వచ్చి 3,000 పోయింది, వెయ్యి నష్టం. అదే నలభై మందిలో పది మంది నచ్చి ఆ నెలలో ఇంకో మూడేసి సార్లు వచ్చారనుకోండి. ఇంకో 1,500 వస్తుంది. నష్టం పోయి 500 చేతికొస్తుంది, వచ్చే నెలలో ఆ పది మందికి ప్రకటన ఖర్చు లేదు. ప్రకటన అదే, ఖర్చు అదే, దాన్ని చేసిన అబ్బాయీ అదే. లాభమా నష్టమా అన్నది ఆ పది మంది మళ్లీ వచ్చారా లేదా అన్న దగ్గర తేలిపోతోంది. ఎవరు మళ్లీ వచ్చారో రాసుకోని దుకాణానికి ఆ 3,000 ఏమైందో ఎన్నటికీ తెలియదు. తెలియకపోతే రెండే మాటలు మిగులుతాయి, పనిచేసిందట, పనిచేయలేదట. రెండూ ఊహలే.

డిస్కౌంట్ లెక్క ఇంతకంటే ప్రమాదం. అదే కర్రీ పాయింట్‌లో ఇరవై శాతం తగ్గింపు అని బోర్డు పెట్టారు. 150 మీద 30 రూపాయలు పోయాయి. వినడానికి ఇరవై శాతమే. కానీ మీకు మిగిలేదే 50, అందులోంచి 30 పోయి 20 మిగిలింది. మునుపటి అంత సంపాదించాలంటే ఇప్పుడు రెండున్నర రెట్లు మంది రావాలి. ఒకరికి వండే చోట ఇద్దరున్నర మందికి వండాలి, అదే గ్యాసు పొయ్యి మీద, అదే ఇద్దరు పనివాళ్లతో. ఆర్డర్ల యాప్‌లో ఉన్నవాళ్లు కమీషన్, డిస్కౌంట్ రెండూ కలిపి ఈ లెక్క ఈ రాత్రే వేసుకోండి. యాప్‌ను మానేయమని నేను చెప్పను, చాలామందికి దాని వల్లే కుండ కాగుతోంది. కానీ అక్కడ ఆర్డర్ చేసిన మనిషి మీ కంటే ముందు ఆ యాప్‌కు గిరాకీ.

ఇంకో సంగతి. ఫోన్లో మీ పోస్టును డబ్బు కట్టి ఎక్కువమందికి చూపించే బూస్ట్ అనే బటన్ నొక్కేముందు ప్రకటన ఎంత దూరం దాకా కనిపించాలో చూసుకోండి. దుకాణం చుట్టూ ఇన్ని కిలోమీటర్లు అని పెట్టుకునే వీలుంది. టైలరింగ్ షాపు అక్క ఒకరి రీల్ వేలమంది చూశారు. ఆమెకు చాలా సంతోషం వేసింది, నాకు కూడా. కామెంట్లు పెట్టినవాళ్లు ఎక్కడివాళ్లని చూస్తే కరీంనగర్, విజయవాడ, దుబాయ్. బ్లౌజు కొలతలకు ఒకసారి, ట్రయల్‌కు ఒకసారి, లూజు చేయించుకోవడానికి ఒకసారి రాగలిగేది ఈ చుట్టుపక్కల కాలనీలవాళ్లు. ఆమెకు కావలసినవాళ్లు నాలుగు అపార్ట్‌మెంట్లలో ఉన్నారు. జీఎస్టీలో కాంపోజిషన్ పద్ధతిలో, అంటే అమ్మకం మీద చిన్న శాతం పన్ను కట్టే పద్ధతిలో ఉన్నవాళ్లకు ఒక మాట: ప్రకటన బిల్లు మీద కట్టిన పద్దెనిమిది శాతం జీఎస్టీ మీకు క్రెడిట్‌గా రాదు, అంటే మీరు కట్టాల్సిన పన్నులో తగ్గదు, అది కూడా ఖర్చులో కలిపి చూసుకోండి. అనుమతి లేకుండా కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీకి కార్పొరేషన్ చలానా వస్తే అది కూడా ఈ పద్దులోకే వస్తుంది.

పచ్చళ్లు, పొడులు, పిండివంటలు ఇంట్లో చేసి అమ్మే అక్కలు ఇవాళ చాలామంది వచ్చారు. మీ కష్టం దగ్గర అసలు చిక్కు ప్రకటనలో లేదు, ధరలో ఉంది. ఆవకాయ కిలోకు మామిడికాయ, కారం, ఆవపిండి, నూనె, సీసా అన్నీ కలిపి 300 పడిందనుకుందాం. 350కి ఇస్తున్నారు. కాయలు తుడిచి ముక్కలు కొట్టించి, కారం దంచించి, మూడో రోజు తిరగగలిపి, సీసాలకెత్తిన మీ కూలి ఆ యాభైలోనే ఉంది. ఆటో ఖర్చు అందులోనే. ఇక ఎవరికైనా వంద గ్రాములు రుచి చూడమని ఇవ్వడానికి ఏం మిగిలింది? ఇందాక పంతులు గారు మందు ఉచితంగా పంచారని చెప్పుకున్నాం. అలా పంచగలగాలంటే ఆ డబ్బు ముందే ధరలో ఉండాలి. ధర పెంచమంటే "తెలిసినవాళ్లు కదన్నా, ఎలా అడుగుతాం" అంటారు. నాకు అర్థమవుతుంది. మన ఇళ్లల్లో ఆడవాళ్లకు వండి పెట్టడం నేర్పారు, వండినదానికి వెల చెప్పడం నేర్పలేదు. కానీ ఆ తెలిసినవాళ్లే సూపర్ మార్కెట్‌లో ఎంఆర్‌పీ చూసి, బేరం ఆడకుండా కట్టి వస్తున్నారు. మీ సీసా మీద ధర, తూకం, తయారైన తేదీ, ఆహార వ్యాపారానికి ఇచ్చే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు అచ్చువేసి పెట్టండి. చట్టం ఎలాగూ అడుగుతుంది. దాంతోపాటు, వెల మీరు నోటితో చెప్పే పని తప్పుతుంది, అది సీసాయే చెప్తుంది.

బాలానగర్, జీడిమెట్ల అన్నల సంగతి వేరు. మీకు పాంప్లెట్లతో పని లేదు. మీ లెక్కల్లో నేను భయపడేది ఒక్క కంపెనీకే పని చేసి పెట్టడం. ఆ కంపెనీ బిల్లు ఆపితే మీ పనివాళ్ల జీతాలు ఆగిపోతాయి, గట్టిగా అడిగితే ఆర్డర్ పోతుందని అడగరు. చిన్న పరిశ్రమల కోసం వచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. ఆ గడువు దాటిస్తే, కొన్నవాడు ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చును డబ్బు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపించుకోవాలనే నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. చిన్న పరిశ్రమగా నమోదు చేసుకుంటే వచ్చే ఉద్యమ్ నంబరు మీ ప్రతి బిల్లు మీద వేయండి. కేంద్ర ప్రభుత్వ సంస్థలు కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గరే కొనాలన్న విధానం ఉంది, ప్రభుత్వ సంస్థలు ఆన్‌లైన్‌లో కొనే జెమ్ పోర్టల్ ఉంది. మీ మార్కెటింగ్ అంతా రెండో గిరాకీని, మూడో గిరాకీని తెచ్చుకోవడమే. వివరాలు విడిగా కూర్చుని మాట్లాడుకుందాం, ఇక్కడ అందరి టైము తీసుకోను.

ఒక న్యాయమైన ప్రశ్న మీలో కొందరి మనసులో ఉండి ఉంటుంది. కేపీహెచ్‌బీలో హాస్టళ్ల మధ్య మెస్ నడిపే తమ్ముడు నన్ను అడిగిందే అది. "సార్, నా దగ్గర తినే పిల్లలు కోర్సు అయిపోగానే, జాబ్ మారగానే వెళ్లిపోతారు. పాతవాళ్లను పట్టుకుని ఏం చేయను?" నిజం. ఈ ఏరియాలో మనుషులు ఆగరు. ఆ తమ్ముడికి కొత్తవాళ్లు కావాల్సిందే. కానీ కొత్తగా వచ్చే పిల్లవాడు భోజనం ఎక్కడ బాగుంటుందని ఎవరిని అడుగుతాడు? రూమ్మేట్‌ను అడుగుతాడు, హాస్టల్ వార్డెన్‌ను అడుగుతాడు. వెళ్లిపోయే పిల్లవాడి మంచం మీదికి వచ్చేవాడు ఎవరో వెళ్లిపోయేవాడికి తెలుసు. ఆ తమ్ముడు ఇప్పుడు నెలాఖరులో ఖాళీ చేస్తున్న పిల్లలను అడుగుతున్నాడు, నీ రూములోకి ఎవరొస్తున్నారు, ఒక పూట నా తరఫున భోజనానికి తీసుకురా అని. ఆ భోజనం ఖర్చు ఆయన పుస్తకంలో ప్రచారం పద్దులో నేనే రాస్తున్నాను. ఆ ఖర్చు రాసేటప్పుడు నా చెయ్యి వెనకాడదు.

సరే, ఆ వారానికి ఒక గంటలో ఏం చేయాలి? ముందు గూగుల్ మ్యాప్స్‌లో మీ దుకాణం తెరిచి చూడండి. ఫోన్ నంబరు పాతదేమో, టైమింగ్స్ తప్పేమో, తెలుగులో వెతికితే పేరు వస్తోందో లేదో. ఇది ఉచితం, ఒకసారి సరిచేస్తే చాలాకాలం పనిచేస్తుంది. రివ్యూ రాసినవాళ్లకు, తిట్టినవాళ్లకు కూడా, మర్యాదగా రెండు ముక్కలు జవాబు రాయండి.

తర్వాత పుస్తకం. సాదా లాంగ్ నోట్‌బుక్ చాలు. కంప్యూటర్ వచ్చేదాకా ఆగకండి. పేరు, నంబరు, ఏం కొన్నారు, మొదటిసారి ఏ తేదీ, మళ్లీ ఏ తేదీ. ఇష్టపడితేనే రాసుకోండి, ఎందుకు రాస్తున్నారో చెప్పి రాసుకోండి. మనుషుల వివరాల రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, అడగకుండా తీసుకున్న నంబరుకు పంపిన మెసేజ్‌ను ఎవరూ మర్యాదగా చూడరు. వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి, దానికీ డబ్బు అక్కర్లేదు. ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపేది మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, కాబట్టి కౌంటర్ దగ్గరే, "మా నంబరు సేవ్ చేసుకోండమ్మా" అని అడగాలి. అడగడానికి మొదట్లో నోరు రాదు. పదిమందిని అడిగేసరికి వస్తుంది.

దయచేసి రోజూ గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపకండి. మనిషికి పనికొచ్చేది ఉన్నప్పుడే పంపండి. ఉగాది బొబ్బట్లకు ఆర్డర్లు ఫలానా రోజు దాకా తీసుకుంటాం. వచ్చే వారం ఊరెళ్తున్నాం, మూడు రోజులు మూసి ఉంటుంది. మీ పాపకు గౌను కుట్టి ఏడాది అయింది, పొడవు సరిపోతోందా? ఆ చివరి మెసేజ్ ఒక టైలర్ అక్క నిజంగా పంపింది. ఆమె ఇక్కడే ఉంది, ఎంతమంది తల్లులు తిరిగి వచ్చారో టీ తాగేటప్పుడు అడిగి తెలుసుకోండి, నాకంటే ఆమె బాగా చెప్తుంది.

మీ కుర్చీల మీద ఒక కాగితం, పెన్ను పెట్టించాను. అందులో పది గీతలున్నాయి. పోయిన నెలలో మీ దుకాణానికి ఒకటి కంటే ఎక్కువసార్లు వచ్చిన పది మంది పేర్లు రాయండి. పేరు రాకపోతే ఆ గీత ఖాళీగా వదిలేయండి, పక్కవాళ్లను అడగకండి. పది నిమిషాలు తీసుకోండి. ఈలోగా వెనక వరసలో చెయ్యెత్తిన స్వీట్ షాపు అన్నకు మైకు ఇవ్వండి. చెప్పండన్నా.